అట్టముక్కల విలువ

(మెట్టుగూడలో జరిగిన మన సంఘ సర్వసభ్య సమావేశంలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేదిక మీద మనం సాధారణంగా కరువు భత్యం గురించి, ఆస్పత్రిలో మందుల గురించి, నవంబరులో ఇవ్వవలసిన లైఫ్ సర్టిఫికెట్ గురించి మాట్లాడుకుంటాం. కార్యదర్శిగారు నాకు అప్పగించిన పని వేరు. "ఆర్నెల్లు అమెరికాలో ఉండి వచ్చారు గదా, అక్కడ చూసినదేదైనా చెప్పండి, ప్రత్యేక సంచికలో వేసుకుంటాం" అన్నారు. నయాగరా గురించి చెబుతానని ఆయన అనుకుని ఉంటారు. నేను నయాగరా చూడలేదు. మోకాళ్ళు సహకరించలేదు. నేను అక్కడ కూర్చుని చూసినవి అట్టముక్కలు. వాటి గురించే నాలుగు మాటలు మనవి చేస్తాను.

మా అబ్బాయి ఉండేది నార్త్ కరొలైనా రాష్ట్రంలో షార్లెట్ అనే ఊళ్ళో. బ్యాంకుల ఊరు. కంప్యూటరు పని మీద వెళ్ళిన మన తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు. కానీ ఆ ఊరికి అసలు పేరు కార్ల పందేల వల్ల వచ్చింది. ఈ పందేల్ని స్టాక్ కార్ రేసులంటారు. మొదట్లో వీటిలో పరుగెత్తినవి ప్రత్యేకంగా తయారుచేసిన పందెం కార్లు కావు, దుకాణంలో స్టాకులో ఉండే మామూలు కార్లు. అందుకే ఆ పేరు.

దీని పుట్టుక తెలిస్తే మీకు నవ్వు వస్తుంది. ఆ కొండ ప్రాంతాల్లో నాటుసారా కాచేవారు. పోలీసుల కంట పడకుండా రాత్రిపూట దాన్ని చేరవేయడానికి, పైకి మామూలుగా కనబడుతూ లోపల ఇంజను బలం పెంచిన కార్లు వాడేవారు. ఆ డ్రైవర్లే ఆదివారాల్లో ఒకరితో ఒకరు పందేలు వేసుకునేవారు. 1948లో బిల్ ఫ్రాన్స్ అనే ఆయన వీటికొక సంస్థ పెట్టి నియమాలు రాశాడు. అదే నాస్కార్. దుకాణం కార్లతో మొదటి పందెం 1949 జూన్ 19న షార్లెట్‌లోనే జరిగింది. ముందుగా గమ్యం చేరినవాడి కారును తనిఖీ చేస్తే వెనక స్ప్రింగులు మార్చి ఉన్నాయి. సారా బండి మరి! వాణ్ణి తప్పించి రెండోవాడికి బహుమతి ఇచ్చారు. తనిఖీ అనేది మన శాఖలోనే కాదు, అన్నిచోట్లా ఉందన్నమాట.

ఇక అట్టముక్కల సంగతి. అమెరికాలో ఆటగాళ్ళ బొమ్మలతో చిన్న కార్డులు అచ్చువేసి అమ్మడం వందేళ్ళకు పైబడిన అలవాటు. పూర్వం సిగరెట్టు పెట్టెల్లో, తర్వాత బబుల్‌గమ్ పొట్లాల్లో పెట్టేవారు. రెండున్నర అంగుళాల వెడల్పు, మూడున్నర అంగుళాల పొడవు. ముందువైపు బొమ్మ, వెనక వివరాలు. పొట్లం విప్పేదాకా లోపల ఎవరున్నారో తెలియదు. ఒకే కార్డు రెండుసార్లు వస్తే మరొకరితో మార్చుకోవాలి. బేస్‌బాల్ ఆటకు ఇవి ఎప్పటినుంచో ఉన్నాయి. కార్ల పందేలకు ఆలస్యంగా వచ్చాయి. 1972లో ఎస్‌టీపీ అనే కంపెనీ కొద్దిమంది డ్రైవర్ల బొమ్మలతో వేసింది. 1988లో మాక్స్ అనే కంపెనీ షార్లెట్‌లో 100 కార్డుల సెట్టు తీసుకువచ్చాక అందరికీ పట్టుకుంది.

మా అబ్బాయి ఈ కార్డులు పోగుచేస్తున్నాడు. నేను వెళ్ళిన వారానికి కోడలు ఆ మాట చెప్పగానే నాకు పాత కోపం వచ్చింది. దానికి కారణం చెప్పాలి.

1987లో మనదేశంలో రిలయన్స్ కప్పు క్రికెట్ పోటీలు జరిగాయి. లాల్‌బహదూర్ స్టేడియంలో న్యూజీలాండుతో ఆడి జింబాబ్వే ఆటగాడు హ్యూటన్ 142 కొట్టింది ఆ పోటీల్లోనే. అంత కొట్టినా వాళ్ళు 3 పరుగుల తేడాతో ఓడిపోయారు. మా అబ్బాయికి అప్పుడు పన్నెండేళ్ళు. బిగ్ ఫన్ అనే బబుల్‌గమ్‌లో ఆటగాళ్ళ బొమ్మల కాగితాలు, వాటి మీద పరుగులు, వికెట్ల అంకెలు వచ్చేవి. వాడికి అదే లోకం. బస్సుకిచ్చిన డబ్బులు మిగుల్చుకుని తార్నాక నుంచి ఇంటికి నడిచి వచ్చేవాడు. ఆ పరీక్షల్లో లెక్కల్లో మార్కులు తగ్గాయి. ఒక ఆదివారం పొద్దున నేను వాడి బిస్కెట్ల డబ్బా తీసి, మొత్తం నీళ్ళపొయ్యిలో వేశాను. వాడు గుమ్మంలో నిలబడి చూశాడు. ఏడవలేదు. ఆ నీళ్ళతోనే స్నానం చేసి స్కూలు పుస్తకం పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత మార్కులు వచ్చాయి. ఇంజనీరయ్యాడు. నేను చేసింది మంచిపనే అని చాలా ఏళ్ళు నమ్మాను. మీలో కొందరికి ఈ కథ చెప్పి గొప్పలు కూడా పోయాను.

షార్లెట్‌లో ఒక శనివారం వాడు ఆల్బం తెచ్చి నా ముందు పెట్టాడు. ప్లాస్టిక్ జేబుల్లో వరుసగా కార్డులు. రిచర్డ్ పెట్టీ అనే ఆయన్ని చూపించాడు. 43వ నంబరు నీలం కారు. 200 పందేలు గెలిచాడు, ఏడుసార్లు ఛాంపియన్. ఆఖరి గెలుపు 1984 జూలై 4న, అధ్యక్షుడు రేగన్ వచ్చిన రోజున. డేల్ అర్న్‌హార్ట్ అనే ఆయనది 3వ నంబరు. ఆయన కూడా ఏడుసార్లు ఛాంపియన్. షార్లెట్ పక్క ఊరివాడే. 2001 ఫిబ్రవరి 18న డేటోనాలో చివరి చుట్టులో గోడకు కొట్టుకుని పోయాడు. ఆ ఊళ్ళో ఇప్పటికీ ఆ మాట చెప్పేటప్పుడు గొంతు తగ్గిస్తారు.

ఆ 1988 సెట్టులో ఒక జేబు ఖాళీగా ఉంది. 99వ నంబరు. "ఇదేమిట్రా?" అంటే, అది అర్న్‌హార్ట్ కార్డనీ, ఆయనతో ఒప్పందం కుదరక కంపెనీ దాన్ని పొట్లాల్లో పెట్టలేదనీ, కొన్నేళ్ళ తర్వాత గానీ కొద్దిగా బయటికి రాలేదనీ చెప్పాడు. నంబరు వేసి, అచ్చువేసి, ఆపేశారు. మన క్లోజింగ్ లెక్కలో ఒక టికెట్టు తక్కువైతే నిద్రపట్టని ఉద్యోగం చేసినవాణ్ణి గనక ఆ ఖాళీ జేబు నన్ను కూడా వేధించింది.

మా మనవడు వెండెల్ స్కాట్ కథ చెప్పాడు. నల్లజాతి డ్రైవరు. 1963 డిసెంబరు 1న ఫ్లోరిడాలో జాక్సన్‌విల్ పందెం గెలిచాడు. అధికారులు మాత్రం ఇంకొకరు గెలిచారని ప్రకటించి బహుమతి వాళ్ళ చేతికిచ్చారు. తర్వాత లెక్క తప్పిందని ఒప్పుకున్నారు గానీ అసలు ట్రోఫీ రాలేదు. ఆయన 1990లో పోయాడు. ఆ ట్రోఫీ కుటుంబానికి అందింది 2021లో. మనం ఏరియర్స్ ఆలస్యమైతే బాధపడతాం. ఆయన కంటే మనమే నయం.

"ఇందులో మనవాళ్ళెవరైనా ఉన్నారా?" అని అడిగాను. ఉన్నాడట. ఫార్ములా వన్‌లో పరుగెత్తిన మొదటి భారతీయుడు, కోయంబత్తూరు నారాయణ్ కార్తికేయన్, 2010లో నాస్కార్ వారి ట్రక్కుల పందేల్లో దిగాడు. మొదటి పందెంలో 13వ స్థానం. ఆ ఏడు ఆ పందేల్లో జనం మెచ్చిన డ్రైవరుగా కూడా ఎన్నికయ్యాడు. "ఆయన కార్డు ఏదీ?" అంటే "వెతుకుతున్నాను నాన్నా" అన్నాడు.

అప్పుడు నేను అడగవలసిన మాట అడిగాను. "అప్పట్లో నీ దగ్గర క్రికెట్ బొమ్మలుండేవి. గుర్తున్నాయా?" వాడు ఆల్బం మూయకుండానే చెప్పాడు. "రెండు వందల పద్నాలుగు, నాన్నా. డబుల్స్ కాక."

ముప్ఫయి ఆరేళ్ళయింది. అంకె గుర్తుంది. నేను ఏమీ అనలేకపోయాను. వాడే నవ్వి అన్నాడు: "ఈ దేశంలో పాత కార్డులకు ఇంత ధర ఎందుకో తెలుసా? ఇక్కడ అమ్మలందరూ పిల్లలు పెద్దవాళ్ళయ్యాక ఇల్లు సర్దుతూ పారేశారు. మనింట్లో అమ్మ పారేయలేదు, మీరు ఆ పని చేశారు, అంతే తేడా."

వాడు ఎగతాళికి అన్నా మాట నిజం. టాప్స్ అనే కంపెనీ 1952లో వేసిన బేస్‌బాల్ కార్డులు కొన్ని అమ్ముడుపోలేదు. గోదాములో చోటు దండగని 1960లో పెట్టెలకు పెట్టెలు పడవలో తీసుకుపోయి సముద్రంలో పారబోశారు. అదే సెట్టులో మికీ మాంటిల్ అనే ఆటగాడి కార్డు ఒకటి 2022 ఆగస్టులో వేలంలో కోటీ 26 లక్షల డాలర్లకు పోయింది. మన లెక్కన సుమారు 100 కోట్ల రూపాయలు! అందరూ పారేయబట్టి మిగిలినదానికి ఆ ధర.

దీనికి రెండోవైపు కూడా ఉంది. పాత కార్డులకు ధర వస్తోందని తెలిసి 1990 ప్రాంతంలో జనం ఎగబడ్డారు. కార్ల పందేల కార్డులకు కూడా కొత్త కంపెనీలు పుట్టుకొచ్చాయి, లెక్కలేకుండా అచ్చువేశాయి. పిల్లల కాలేజీ ఫీజులకు పనికొస్తాయని తండ్రులు పెట్టెలు పెట్టెలు సీలు విప్పకుండా దాచారు. ఒక్కడూ పారేయలేదు. అందరి దగ్గరా ఉన్నదాన్ని ఎవరు కొంటారు? ఆ పెట్టెల్లో చాలావాటికి ఇప్పుడు కొన్న ధర కూడా రావడం లేదు. 1988 సెట్టు తీసుకొచ్చిన మాక్స్ కూడా 1996లో దివాలా తీసింది. అదే కాలంలో మనవాళ్ళు కొందరు రిటైరైన డబ్బు టేకుచెట్ల కంపెనీల్లో, ఎక్కువ వడ్డీ ఫైనాన్సుల్లో పెట్టి ఏం చూశారో ఈ సభకు నేను చెప్పనక్కరలేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పొయ్యిలో వేసిన రెండు వందల పద్నాలుగే గుర్తొచ్చి కాదు. జీవితమంతా నేను చేసిన ఉద్యోగమే అట్టముక్కల్ని నాశనం చేయడం గదా అనిపించింది.

మీకు తెలియనిది కాదు, అయినా ఈ సంచిక చదివే మనవల కోసం చెబుతున్నాను. మనం అమ్మిన అట్ట టికెట్టు ఇంగ్లండులో థామస్ ఎడ్మండ్‌సన్ అనే స్టేషన్ ఉద్యోగి 1830ల్లో కనిపెట్టింది. అంతకుముందు ప్రతి ప్రయాణికుడికీ చేత్తో చీటీ రాసి ఇచ్చేవారు. ఆయన చిన్న అట్టముక్క మీద ముందే ఊళ్ళ పేర్లు అచ్చువేసి, వరుస నంబరు వేసి, తేదీ కొట్టడానికి మిషను తయారుచేశాడు. రెండుంబావు అంగుళాల పొడవు, అంగుళం పైన కాస్త వెడల్పు. దాదాపు ప్రపంచమంతా అదే కొలత. పొద్దున డ్యూటీలో చేరగానే ఏ ఊరి టికెట్టు ఏ నంబరు దగ్గర ఆగిందో చూసుకోవడం, మిషనులో పెట్టి ఖట్‌మని తేదీ కొట్టడం, దిగేముందు డీటీసీ పుస్తకంలో లెక్క తేల్చడం, తేడా వస్తే డెబిట్ మన నెత్తిన పడటం, ఇదంతా ఆ అట్టముక్క చుట్టూ తిరిగిన బతుకే.

నేను బుకింగుకు రాకముందు గేటులో టీసీగా చేశాను. ప్రయాణం అయ్యాక టికెట్టు గేటులో ఇచ్చేయాలి. అది నియమం. మళ్ళీ వాడకుండా ఉండాలంటే అదే దారి. రోజుకు సంచులకొద్దీ పోగయ్యేవి. లెక్క చూశాక నాశనమైపోయేవి. అంటే ఇవాళ ఎవరి దగ్గరైనా పాత నిజాం రైల్వే టికెట్టో, మన దక్షిణమధ్య రైల్వే ఏర్పడిన 1966 నాటి టికెట్టో ఉందంటే, ఏదో ఒక గేటులో ఎవరో ఒకరు ఇవ్వకుండా దాటిపోయి ఉండాలి. నియమం తప్పినవాడి వల్లనే అది మిగిలింది. 1994లో సికింద్రాబాదు రిజర్వేషన్ల కంప్యూటర్లో కొత్త పద్ధతి వచ్చింది. ఆ తర్వాత మామూలు టికెట్లు కూడా కంప్యూటరు కాగితాలైపోయాయి. ఇప్పుడు టికెట్టు సెల్‌ఫోనులో ఉంటోంది. అట్ట టికెట్టు మా మనవడి వయసు పిల్లలకు బొమ్మలో కూడా తెలియదు.

మా ఇంట్లో కూడా ఒక నియమం తప్పిన టికెట్టు ఉంది. అబ్బాయి అమెరికా వెళ్ళింది 1999లో. సికింద్రాబాదు నుంచి బొంబాయి బండెక్కి, అక్కడ విమానం. సాగనంపడానికి మా ఆవిడకు ప్లాట్‌ఫారం టికెట్టు కొన్నాను. బండి కదిలాక గేటు దగ్గర టికెట్టు ఇమ్మంటే ఆవిడ ఇవ్వలేదు, కొంగున ముడివేసుకుంది. గేటులో ఉన్న కుర్రాడు నన్ను చూసి ఊరుకున్నాడు. దారి పొడుగునా ఆవిణ్ణి కోప్పడ్డాను. "బుకింగ్ ఆఫీసులో చేసేవాడి భార్యవి, నువ్వే ఇట్లా చేస్తే ఎట్లా?" అని. ఆవిడ మాట్లాడలేదు. ఆవిడ పోయాక ఇనప్పెట్టెలో పసుపు కుంకుమ పొట్లాల మధ్య అది దొరికింది. నాకు తెలియకుండానే అమెరికా ప్రయాణంలో దాన్ని పర్సులో పెట్టుకుని వెళ్ళాను.

మన తరం తండ్రులకు కొడుకు ముందు "తప్పయింది" అనడం రాదు. నాకూ రాలేదు. మర్నాడు పొద్దున కాఫీ తాగుతున్నప్పుడు ఆ టికెట్టు తీసి వాడి చేతిలో పెట్టి, "మీ అమ్మ దాచింది. నువ్వు వెళ్ళిన రోజుది" అన్నాను. వాడు చాలాసేపు చూశాడు. తేదీ వెలిసిపోయింది. మనవడు ఫోను లైటు ఏటవాలుగా పెట్టి మిషను నొక్కిన గుర్తు చదివాడు. వరుస నంబరు ఎందుకు వేస్తారో, ఆ రోజు ఎన్ని అమ్ముడయ్యాయో దాన్ని బట్టి ఎలా తేలుస్తారో నేను చెప్పాను. నా ఉద్యోగం గురించి మా ఇంట్లో ఎవరైనా అంత శ్రద్ధగా అడగడం అదే మొదటిసారి.

అక్కడ కార్డుల్ని పరీక్షించి 1 నుంచి 10 దాకా మార్కులు వేసే సంస్థలున్నాయి. మూలలు నలిగితే మార్కులు పోతాయి. మనవడు దీనికెంత వస్తుందని అడిగాడు. మధ్యలో మడత, ఒక మూల పసుపు మరక. "ఒకటి వస్తే గొప్ప. దీన్ని పంపించం" అన్నాడు మా అబ్బాయి. విడిగా ఒక ప్లాస్టిక్ జేబులో పెట్టి ఆల్బం మొదటి పేజీలో ఉంచాడు. తిరిగి వచ్చేటప్పుడు నేను అడగలేదు, వాడు ఇవ్వలేదు.

మిత్రులారా, ఇందులోంచి మనకు పనికొచ్చేవి నాలుగు చెప్పి ముగిస్తాను.

మొదటిది, మన ట్రంకుపెట్టెలు పిల్లలు ఖాళీ చేయకముందే మనం ఒకసారి చూసుకోవాలి. పాత టికెట్లు, పాసులు, టైంటేబుళ్ళు, యూనియన్ కరపత్రాలు, బదిలీ ఉత్తర్వులు, బ్యాడ్జీలు ఏమున్నాయో తీయండి. అది ఏమిటో, ఎప్పటిదో, ఎవరిదో ఒక వేరే చీటీ మీద రాసి దానితో పెట్టండి. రాయకపోతే మన తర్వాత అది చెత్తే.

రెండోది, దాచే పద్ధతి. జిగురు పెట్టి పుస్తకానికి అతికించవద్దు. ల్యామినేషన్ అసలే వద్దు, వేడికి కాగితం పాడవుతుంది, మళ్ళీ ఊడదీయలేం. రబ్బరు బ్యాండు వేయకండి, ఎండాకాలంలో కరిగి అంటుకుంటుంది. ఎండ, తడి తగలకుండా, వానాకాలంలో పురుగు పట్టకుండా చూసుకుంటే చాలు.

మూడోది ముఖ్యం. పాత నోటు, పాత నాణెం ఉంటే లక్షలిస్తామని ఫోన్లు వస్తాయి. ముందుగా కమీషను, పన్ను కట్టమంటారు. రిజర్వు బ్యాంకు పేరు కూడా వాడుకుంటారు. తమకు అలాంటి వ్యవహారం లేదని రిజర్వు బ్యాంకు 2021లోనే హెచ్చరించింది. ధర కోసం దాచేవాడే మోసపోతాడు. మీ పెట్టెలో ఉన్నదానికి బజారులో చాలావరకు ధర ఉండదు. ఆ సంగతి ముందే ఒప్పుకుంటే ఎవరూ మనల్ని మోసం చేయలేరు.

నాలుగోది, మనవలు ఏదో ఒకటి పోగుచేస్తుంటే, కార్ల బొమ్మలు కానీయండి, రాళ్ళు కానీయండి, ఒకసారి పక్కన కూర్చుని "ఇదేమిటి, ఎక్కడ దొరికింది?" అని అడగండి. 2023 ఫిబ్రవరి 11న మన హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా-ఇ కరెంటు కార్ల పందెం జరిగింది. ట్రాఫిక్ ఆపేశారని మనమంతా విసుక్కున్నాం. ఆ రోజు టికెట్టు చెక్కును ఏ పిల్లవాడో పుస్తకంలో దాచుకునే ఉంటాడు. వాడి తండ్రి దాన్ని పొయ్యిలో వేయకుండా ఉంటే చాలు.

కార్తికేయన్ కార్డు ఇంకా దొరకలేదట. ప్రతి ఆదివారం ఫోనులో మొదట నా బీపీ అడుగుతాడు, తర్వాత నేను ఆ కార్డు సంగతి అడుగుతాను. ఇదివరకు బీపీతోనే మాటలు అయిపోయేవి.